పెరట్లో పద్మిని కారు
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువుల గురించీ, స్కాలర్‌షిప్పుల గురించీ పెద్దలు మాట్లాడిన వేదిక మీద తుప్పు పట్టిన కారు గురించి మాట్లాడడం కొంచెం విడ్డూరంగానే ఉంటుంది. అయితే ఏడాది పైగా మా పెరటి గోడ మీదుగా తొంగి చూసిన ప్రతివారూ "ఏం చేస్తున్నారు, ఎలా చేస్తున్నారు, అసలెందుకు చేస్తున్నారు" అని అడుగుతూనే వచ్చారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకంటే అందరికీ ఒక్కసారే చెప్పండని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. కనుక చేసింది చేసినట్టు మనవి చేస్తాము.

ముందు కారు సంగతి. అది మా అబ్బాజాన్ వాడిన ప్రీమియర్ పద్మిని, 1978 మోడలు. నేటి పిల్లలు దీన్ని పాత సినిమాల్లో చూసి ఉంటారు గాని, మన తరానికి అది ఇంటి మనిషి వంటిది. ఇటలీలో ఫియట్ కంపెనీవారు 1953లో కొత్త తరహా 1100 కారును విడుదల చేశారు. మన దేశంలో వాల్‌చంద్ హీరాచంద్‌గారు 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ ఈ కారును బొంబాయి కుర్లా ఫ్యాక్టరీలో తయారుచేసింది. 1964 నుంచి దాని తరువాతి రూపం ఫియట్ 1100 డిలైట్‌గా వచ్చింది. 1974లో దానికే ప్రీమియర్ పద్మిని అని పేరు పెట్టారు. ఇంజను 1089 సి.సి., నాలుగు సిలిండర్లు. గేరు కర్ర స్టీరింగు పక్కనే ఉంటుంది. డబ్బు కట్టినవారు కూడా కారు చేతికి రావడానికి ఏళ్ల తరబడి ఎదురు చూసిన రోజులవి. బొంబాయిలో నలుపు పసుపు రంగు టాక్సీలుగా తిరిగిన పద్మినీలు 2023 అక్టోబరుతో వీధుల నుంచి సెలవు తీసుకున్నాయి. మొదటే ఇంత చరిత్ర ఎందుకంటే, ఇవాళ విడిభాగాలకు కంపెనీ లేదు. దొరికినవి వెతుక్కోవాలి, దొరకనివి చేయించుకోవాలి.

అబ్బాజాన్ పోయిన తర్వాత కారు పెరట్లో రేకుల కింద నాలుగేళ్లు కదలకుండా ఉండిపోయింది. అప్పుడు ఒకరు బేరానికి వచ్చారు. పాత కార్లకు రంగులు వేయించి పెళ్లి ఊరేగింపులకు అద్దెకిస్తారట. "లోపలి సంగతి మాకెందుకండీ, పైన మెరుస్తూ ఉంటే చాలు. పుట్టీ పెట్టించి రంగు కొట్టించి ఇవ్వండి, మంచి ధర ఇస్తాము" అన్నారు. డబ్బు అవసరం లేని ఇల్లు కాదు మాది. మేము ముగ్గురం సరేననే అనుకున్నాము. మా అమ్మీ మాత్రం వంటింటి గుమ్మంలోంచే ఒక మాట అన్నది: "అమ్మితే అమ్మండి నాయనా, నేను వద్దనను. కాని అందులో కూర్చునేవాళ్లు కూడా ఎవరో ఒకరి పిల్లలే." ఇక బేరం అక్కడే ఆగింది. కారును తుక్కుకైనా ఇచ్చెయ్యాలి, లేదా మనిషి నిర్భయంగా కూర్చోగలిగేట్టయినా చెయ్యాలి. మధ్య మార్గం లేదని తేల్చుకున్నాము.

ఇప్పుడు తుప్పు సంగతి. ఇనుముకు గాలీ తడీ రెండూ కలిసి తగిలితే తుప్పు పడుతుందని బళ్లో చదువుకున్నదే. దానికి ఉప్పు తోడైతే పని మరీ వేగంగా సాగుతుంది. మన బందరు గాలిలో ఆ ఉప్పుకు కొదవ లేదు గదా! కిటికీ ఊచలు, గేట్లు ఏ గతి పడతాయో ఇంటింటా చూస్తూనే ఉన్నాము. ఇనుము తుప్పుగా మారినప్పుడు ఉబ్బుతుంది. ముందున్న దానికంటే ఎక్కువ చోటు కావాలంటుంది. అందువల్లనే రంగు మీద చిన్న చిన్న పొక్కులు లేస్తాయి. పైకి పొక్కు శనగగింజంత కనబడితే లోపల రేకు రూపాయి బిళ్లంత పోయిందన్నమాట. పైగా తుప్పు గుల్లగా ఉంటుంది, స్పాంజిలాగా తడిని పట్టి ఉంచుతుంది. కాబట్టి దాని మీద రంగు వేసి ఊరుకుంటే లోపలి పని ఆగదు. పైన నిగనిగలాడుతూ ఉంటుంది, లోన తినుకుంటూ పోతుంది.

నీరు నిలిచే చోటల్లా తుప్పు మొదలవుతుంది. తలుపుల అడుగున నీరు పోయే రంధ్రాలుంటాయి. అవి మట్టితో మూసుకుపోతే తలుపు తొట్టి అవుతుంది. మడ్‌గార్డుల లోపల బురద పేరుకుంటుంది. బ్యాటరీ కింది పళ్లాన్ని ఆసిడ్ తింటుంది. డిక్కీలో స్టెప్నీ కూర్చునే గుంట, ముందు అద్దం రబ్బరు కింద, కాళ్ల దగ్గర రబ్బరు మ్యాటు కింద తడి దాక్కుంటుంది. అన్నిటికంటే ముఖ్యమైనది తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పొడుగునా ఉండే పెట్టెలాంటి భాగం. లారీకి, పాత జీపుకు కింద వేరే ఛాసిస్ ఉంటుంది, బాడీ దాని మీద కూర్చుంటుంది. పద్మినికి అలా కాదు. నేల రేకు, ఈ పక్క పెట్టెలు, పైకప్పు అన్నీ కలిసి ఒకే గూడు. బరువు మోసేది ఆ గూడే. ఆ పెట్టె రేకు పోయిందంటే ఇంటికి దూలం పుచ్చినట్టే. గుద్దుకున్నప్పుడు గాని ఆ సంగతి బయటపడదు.

కారును పరీక్ష చేయడానికి మేము వాడినవి మూడే వస్తువులు: చిన్న సుత్తి, స్క్రూడ్రైవరు, ఒక అయస్కాంతం. సుత్తితో నెమ్మదిగా తట్టుకుంటూ పోతే మంచి రేకు ఖంగుమంటుంది, పుచ్చిన రేకు మొద్దుగా పలుకుతుంది. అనుమానమున్న చోట స్క్రూడ్రైవరుతో గుచ్చాలి. అయస్కాంతం ఇనుముకు అంటుకుంటుంది గాని మందంగా పెట్టిన పుట్టీ మీద పట్టు దొరకదు. ఎడమ పక్క వెనక తలుపు కింద అయస్కాంతం జారి పడిపోయింది. గీకి చూశాము. వేలు మందాన పుట్టీ, దాని వెనక ఉండలు చుట్టి కుక్కిన పాత న్యూస్ పేపర్లు! కొన్నేళ్ల కిందట అబ్బాజాన్ మరో ఊళ్లో ఒక షెడ్డుకు ఈ పని అప్పగించి, పూర్తి డబ్బు ఇచ్చారు. ఎవరన్నది ఇప్పుడు అనవసరం. తుప్పు రేకును కోయకుండా కాగితాలు కుక్కి, పైన మెత్తి, రంగు కొట్టి పంపారు. ఆ కాగితం ప్రతి వర్షాకాలం తడి పీల్చుకుని ఉంచింది. కాస్త తుప్పు పెద్ద తుప్పయింది. ఆ కారులోనే మేమంతా చిన్న పిల్లలను ఒళ్లో పెట్టుకుని గుంటూరు దాకా పెళ్లిళ్లకు వెళ్లివచ్చాము. ఆ కాగితపు ఉండలు చేత్తో పట్టుకున్నప్పుడు అమ్మీ అన్న మాట మాకు పూర్తిగా అర్థమయింది.

ఇక పనిలోకి దిగాలి. ఆఫీసుల్లో ఫైళ్లు చూసుకునేవాళ్లం మేము. మన పేటలోనే ఒక టింకరింగ్ ఉస్తాద్ ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి. కొడుకులిద్దరూ వేరే పనుల్లో స్థిరపడ్డారు. షెడ్డు మూసేసి పనిముట్లు గోనెసంచిలో కట్టి పెట్టుకున్నారు. మేము వెళ్లి అడిగితే, "నా భుజం ఇప్పుడు సుత్తి మొయ్యదు బేటా. మీరు కొట్టండి, నేను కుర్చీలో కూర్చుని చెబుతా" అన్నారు. ఆ కుర్చీయే మాకు బడి అయింది. సెలవు రోజులు, ఆదివారాలు కలుపుకుంటూ పని 14 నెలలు సాగింది.

ఉస్తాద్ మొదట చెప్పినది, కోసేముందు కట్టమని. పక్క పెట్టె కోసేస్తే గూడు ఒంగిపోతుంది. తర్వాత ఎంత మంచి రేకు అతికినా తలుపు పడదు. కనుక తలుపు ద్వారానికి లోపలివైపు అడ్డంగా ఇనుప పైపులు వెల్డు చేయించి, కారును చదునైన నేల మీద స్టాండ్లపై సమంగా నిలబెట్టాము. ఒక పక్క పూర్తయ్యాకనే రెండో పక్క ముట్టుకోవాలి. ప్రతి దశలోనూ తలుపు తగిలించి సందు సరిచూసుకోవాలి. ఒక మాట ముఖ్యంగా కుర్రవాళ్లు వినాలి: జాకీ ఎత్తడానికే గాని నిలపడానికి కాదు. ఒక్క జాకీని నమ్మి కారు కిందికి దూరకూడదు.

రెండవది, మంచి ఇనుము కనబడేదాకా కోయాలి. ఇక్కడ జాలి పనికిరాదు. ఇంకాస్త రేకు మిగుల్చుకుందామని తుప్పు అంచుకే అతికిస్తే వెల్డింగ్ వేడికి అది చిల్లులు పడుతుంది. కోసిన ముక్కకు అట్టతో నమూనా చేసుకుని, కొత్త రేకు ఆ కొలతకు కత్తిరించాము. పైకి కనబడే చోట్ల 20 గేజి, బరువు మోసే పెట్టెలకూ నేలకూ 18 గేజి, అంటే సుమారు 1.2 మిల్లీమీటర్ల మందం. ఎనిమిదడుగులకు నాలుగడుగుల 18 గేజి రేకు ఒకటి దాదాపు 28 కిలోలు తూగుతుంది. అటువంటి రేకు ఒకటిన్నర పట్టిందంటే కారు ఎంత పోయిందో ఊహించుకోండి. అంచులు వంచడం, గుండ్రం తేవడం అంతా రేకు వెనక ఇనుప దిమ్మ పట్టి ముందు నుంచి సుత్తితో తట్టే పని. ఉస్తాద్ కళ్లు మూసుకుని చప్పుడు విని "ఎక్కువ కొట్టావు, రేకు సాగింది" అనేవారు. చూస్తే సాగే ఉండేది.

వెల్డింగ్ కూడా ఒకే గీతగా లాగకూడదు. పల్చటి రేకు వేడికి అలలు తేలుతుంది. ఇక్కడొక అంగుళం, అక్కడొక అంగుళం, మధ్యలో ఆరనిచ్చి పూర్తి చేశాము. బ్యాటరీ తీసేసి, పెట్రోలు ట్యాంకు విప్పి దూరంగా పెట్టిన తర్వాతనే వెల్డింగ్ మొదలుపెట్టాము. ఖాళీ ట్యాంకు మరీ ప్రమాదం. లోపల పెట్రోలు ఆవిరి ఉంటుంది, నిప్పురవ్వ తగిలితే బాంబే. ఇంట్లో ఎవరూ ట్యాంకు వెల్డింగ్ జోలికి పోవద్దని చేతులు జోడించి చెబుతున్నాము.

తల్లులకు ఒక జాగ్రత్త. పాత కార్ల రంగుల్లో సీసం ఉండవచ్చు. పొడిగా రుద్దితే ఆ దుమ్ము పిల్లలకు చాలా హాని. మేము నీళ్లు పోస్తూ వాటర్ పేపరుతో తడిగా రుద్ది, ఆ బురదను ఎత్తి వేరే పారేశాము. పిల్లలను ఆ వైపు రానివ్వలేదు. అలాగే పాత బ్రేకు షూలలో ఆస్బెస్టాస్ ఉంటుంది. గాలి కొట్టి ఊదకూడదు, తడిగుడ్డతో తుడవాలి.

చిన్న సామాన్ల తుప్పు వదిలించడానికి వంటింటి వస్తువులే చాలు. నట్లు, బోల్టులు, తలుపు కీళ్లు ఒక రాత్రి వెనిగర్‌లో నానబెట్టి, మర్నాడు ఇనుప బ్రష్షుతో తోమి, కడిగి వెంటనే ఆరబెట్టి నూనె రాశాము. మరీ పట్టేసినవాటికి ప్లాస్టిక్ తొట్టిలో చాకలి సోడా కలిపిన నీళ్లు, 12 వోల్టుల బ్యాటరీ చార్జరు వాడాము. మైనస్ తీగ తుప్పు పట్టిన సామానుకు, ప్లస్ తీగ ఒక పాత ఇనుప ముక్కకు తగిలించాలి. ఆ ముక్క స్టెయిన్‌లెస్ స్టీలు కాకూడదు, దాన్నుంచి విషం పుడుతుంది. ఈ పనిలో మండే గ్యాసు వస్తుంది గనుక ఆరుబయటే చేయాలి. రేకు మీద మిగిలిన సన్నని తుప్పుకు ఫాస్ఫారిక్ ఆసిడ్ కలిసిన మందు పూశాము. అది తుప్పును నల్లటి గట్టి పొరగా మారుస్తుంది. అయితే అది సన్నని తుప్పుకే. చిల్లుకు ఏ మందూ లేదు, కోసి అతకడమే.

ఇంజను పట్టేసి ఉంది. బలవంతం చేయలేదు. ప్లగ్గులు నాలుగూ తీసి, డీజిలు, ఇంజను ఆయిలు సమంగా కలిపి ఒక్కో సిలిండరులో కొద్దికొద్దిగా పోసి వారం రోజులు వదిలేశాము. తర్వాత నాలుగో గేరులో వేసి, కారును ముందుకూ వెనక్కూ ఊపగా ఊపగా కదిలింది. బ్రేకులలో మాత్రం పైసా పొదుపు చేయలేదు. బ్రేకు ఆయిలు గాలిలోని తడిని పీల్చుకుంటుంది. దానితో సిలిండర్లు, పైపులు లోపలి నుంచి తుప్పు పడతాయి. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. రబ్బర్లు, సిలిండర్లు, పైపులు అన్నీ కొత్తవే వేశాము. పెట్రోలు గొట్టాలు కూడా మార్చాము. 2025 నాటికి బంకుల్లో పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు. అది పాత రబ్బరును చెడగొడుతుంది, తడినీ పీల్చుకుంటుంది. సామాన్లు కొన్ని విజయవాడ ఆటోనగర్‌లో, కొన్ని ముంబై కుర్లా పాత సామాన్ల దుకాణాల్లో దొరికాయి.

అతుకుల మీద సీలర్ నింపి, ప్రైమరు వేసి, అడుగున తారు జాతి పూత పూసి, పెట్టెల లోపలికి రంధ్రాల గుండా మైనం మందు కొట్టాము. నీరు పోయే రంధ్రాలు మాత్రం తెరిచే ఉంచాము. పుట్టీ అసలు వాడలేదని చెప్పము. కొత్త రేకు మీద సన్నగా, గోరు మందం మించకుండా, నునుపు కోసం వాడాము. పుట్టీలో పాపం లేదు, దాన్ని రేకుకు బదులుగా వాడడంలోనే ఉంది. ఇక ఇప్పటి రెండు భాగాల రంగుల్లో కలిపే గట్టిపరిచే మందు ఊపిరితిత్తులకు ప్రమాదం. మామూలు ముక్కుగుడ్డ దానికి చాలదు. కనుక రంగు ఇంట్లో వేయకుండా, కారును బండి మీద ఎక్కించి ఆటోనగర్‌కు పంపి, గాలి బయటికి లాగే గదిలో వేయించాము.

బండి మీద ఎందుకు ఎక్కించారని అడుగుతారేమో. అప్పటికి రిజిస్ట్రేషను గడువు తీరిపోయింది, రోడ్డు మీద నడపకూడదు. సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషను 15 ఏళ్లు, ఆపైన ఐదేసి ఏళ్లకు పరీక్ష చేయించి పునరుద్ధరించుకోవాలి. ఈ రుసుమును 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5,000కు పెంచారు. 2025లో 20 ఏళ్లు దాటిన కార్లకు 10,000 చేశారు. ఆలస్యానికి అదనం వేరే. అబ్బాజాన్ పేరు మీది కాగితాలు వారసుల పేరుకు మార్చడానికి ఫారం 31, పునరుద్ధరణకు ఫారం 25 ఇవ్వాలి. ఇళ్లలో పెద్దవాళ్ల పేరు మీద బండ్లు ఉన్నవారు ఈ కాగితాల పని ఆలస్యం చేయవద్దని మనవి. 50 ఏళ్లు దాటిన కార్లకు 2021లో వింటేజి నిబంధనలు వేరే వచ్చాయి. మా కారుకు ఆ వయసు ఇంకా రాలేదు.

లెక్క చూస్తే, మేము పెట్టిన ఖర్చు కారును అమ్మితే వచ్చే ధర కంటే ఎక్కువ. లాభం కోసం ఈ పని చేయమని ఎవరికీ సలహా ఇవ్వము. పరీక్షకు తీసుకెళ్లిన రోజు అధికారి స్వయంగా పక్క పెట్టె మీద తట్టి చూశారు. ఖంగుమన్నది. ఇంటికి వచ్చాక అమ్మీ మొదటిసారి వెనక సీట్లో కూర్చుని, తలుపు తనే వేసుకుని, "ఇప్పుడు ఎవరి పిల్లలనైనా ఎక్కించండి" అన్నది. అప్పటి నుంచి ఆసుపత్రికనీ, పరీక్ష హాలుకనీ పేటలో ఎవరు అడిగినా పంపుతున్నాము. అద్దె తీసుకోవడం లేదు.

చివరిగా సొసైటీవారికి ఒక విన్నపం. మనవాళ్లు తరతరాలుగా ఈ సుత్తి పనిలో, ఇంజను పనిలో పేరు తెచ్చుకున్నారు. ఇవాళ షెడ్లలో రేకు బాగుచేసేవారు తక్కువ, మార్చేసేవారు ఎక్కువ. కొత్త రేకు దొరికినంత కాలం అదీ సరే. దొరకని రోజున కావలసింది మన ఉస్తాద్ చెవిలో ఉన్న విద్య. అది పుస్తకాల్లో లేదు. చదువు మాన్పించి ఎవరి పిల్లవాణ్నీ షెడ్డులో పెట్టమని అడగడం లేదు. పాలిటెక్నిక్, ఐ.టి.ఐ. చదివే పిల్లలను ఎండాకాలం సెలవుల్లో ఒక నెల ఆయన కుర్చీ దగ్గర కూర్చోబెట్టండి. ఆయనకు గౌరవంగా కొంత వేతనం సొసైటీ ఇవ్వాలి. పెరడు మాది, రేకు ముక్కలు మావి, పనిముట్లు ఆయనవి. ఉస్తాద్ ఒప్పుకున్నారు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే: వచ్చే పిల్లవాడు మొదటి వారం సుత్తి ముట్టుకోడు, రేకు తట్టి చప్పుడు వింటాడు.

ఈ విషయం కార్యవర్గ సమావేశంలో పెట్టవలసిందిగా కోరుతున్నాము.